కర్త తెలియదు

మా అమ్మకి అచ్చరమ్ముక్క రాదు. పాటలు మాత్రం కట్టేది. నాట్లేసేటప్పుడు అమ్మ పాట ఎత్తుకుంటే మాదిగపల్లె ఆడోళ్ళంతా వంత పాడేవాళ్ళు. మా తమ్ముడు జొరమొచ్చి చచ్చిపోయిన ఏడు అమ్మ వాడి పేరుతో ఒక పాట కట్టింది. అది పాడినరోజు మడిలో ఎవ్వరూ మాట్టాడేవాళ్ళు కాదు. వంచిన నడుము ఎత్తకుండానే కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

పొద్దున్నే అమ్మ ఊళ్ళో పెద్దింటికి పాచిపనికి పోయేది. పేడ తీసి, వాకిలి చిమ్మి, అంట్లు తోమేది. ఆ అంట్ల మీద నీళ్ళు చల్లి లోపలికి తీసుకుపోయేవాళ్ళు. అమ్మ కాఫీ తాగే సత్తుగ్లాసు గొడ్లసావిడి చూర్లో ఉండేది.

1979లో పట్నం నించి ఒకాయన టేపురికార్డరు పట్టుకొచ్చాడు. జానపద గేయాలు సేకరిస్తున్నాడంట. ఆయన పెద్దింటి అరుగు మీద కుర్చీలో కూచున్నాడు. అమ్మ వాకిట్లో నిలబడి పాడింది. తమ్ముడి పాట కూడా పాడింది. నేను అమ్మ కొంగు పట్టుకోనున్నా. ఆయన రెండ్రూపాయలిచ్చాడు. పేరు అడగలేదు.

నేను డిగ్రీ చదివేటప్పుడు లైబ్రరీలో ఆయన పుస్తకం కనపడింది. తమ్ముడి పాట అందులో ఉంది. పైన 'నాట్ల పాట' అని, కింద 'కర్త తెలియదు' అని. తమ్ముడి పేరు తీసేసి ఆ చోట 'కృష్ణయ్య' అని పెట్టారు. అట్ట మీద సేకర్త పేరు మాత్రం పెద్దక్షరాల్లో ఉంది. పుస్తకం మూసి ఇంటికొచ్చా. అమ్మకి చెప్పలేదు.

ఇన్నేళ్ళకి చెప్పాలనిపించింది ఎలిజబెత్ కాటెన్ వల్ల. మా అబ్బాయి ఫోన్లో ఆమె పాట వినిపించాడు. ఎవరా అని వెతికి చదివా.

ఆమె నల్లమనిషి. అమెరికాలో ఉత్తర కరోలినా రాష్ట్రం, చాపెల్ హిల్ దగ్గర 1893లో పుట్టింది. చిన్నతనంలోనే తెల్లోళ్ళ ఇళ్ళల్లో పనికి కుదిరింది. జీతం కూడబెట్టి 3 డాలర్ల 75 సెంట్లకి గిటారు కొనుక్కుంది. ఆమెది ఎడమచేతి వాటం. కుడిచేతి వాళ్ళ కోసం తీగెలు కట్టిన గిటారునే తిరగేసి పట్టుకుంది. అందరూ బొటనవేలితో మీటే మంద్రం తీగెల్ని ఈమె మిగతా వేళ్ళతో మీటేది. పాట వరస బొటనవేలితో పలికించేది. తప్పని చెప్పే గురువు లేడు గనక అదే ఒక బాణీ అయింది. ఇవాళ ఆ బాణీని ఆమె పేరుతోనే పిలుస్తారు. పన్నెండేళ్ళ ఈడులో, ఇంటిదగ్గర పోయే గూడ్సుబండి మీద 'ఫ్రైట్ ట్రైన్' అనే పాట కట్టింది.

పదిహేడేళ్ళకి పెళ్ళయింది. చర్చి పెద్దలు లోకం పాటలు మానెయ్యమన్నారు. దాదాపు నలభయ్యేళ్ళు గిటారు పక్కనబెట్టి ఇళ్ళల్లో పన్జేసింది. వాషింగ్టన్‌లో ఒక దుకాణంలో పన్జేసేటప్పుడు తప్పిపోయిన పిల్లని తల్లికి అప్పజెప్పింది. ఆ పిల్ల పెగ్గీ సీగర్. తల్లి ఈమెని ఇంట్లో పనికి పెట్టుకుంది. అది సంగీతం ఇల్లు. గోడకున్న గిటారు తీసి ఈమె వాయించుకుంటుంటే వాళ్ళు విన్నారు. మైక్ సీగర్ రికార్డు చేశాడు. 1958లో ఫోక్‌వేస్ వాళ్ళు ఆల్బం తెచ్చారు. అప్పటికి ఆమెకి అరవై దాటాయి.

ఇది చదివి ఆగిపోయా. పెద్దింటి గోడకి ఏం వేలాడేదో మా అమ్మకేం తెలుసు? గోడ దాకా రానిస్తే గదా! అందుకే వాళ్ళ బతుకూ మా బతుకూ ఒకటేనని తేలిగ్గా అనలేను.

పాట పోవడం మాత్రం అక్కడా జరిగింది. పెగ్గీ ఇంగ్లండులో ఆ పాట పాడితే, ఇద్దరు మగాళ్ళు దాన్ని తమ పేరున రాయించుకున్నారు. 1957లో అక్కడ వేరేవాళ్ళ గొంతులో పెద్ద హిట్టయింది. కట్టినామె వాషింగ్టన్‌లో ఇంటిపని చేస్తానే ఉంది. సీగర్లు పట్టుబట్టాక ఆమె పేరు ఆమెకి దక్కింది. 1985లో, తొంభై దాటాక, గ్రామీ వచ్చింది. 1987లో చనిపోయింది.

మొన్న ఊరెళ్ళి అమ్మకి ఆమె వీడియో చూపించా. అమ్మ చాలాసేపు చూసింది.

"పాట సంగతేమోగానే, ఆ చెయ్యి చూడు. అంట్లు తోమిన చెయ్యి" అంది.

అప్పుడు అన్నీ చెప్పా. ఆమె సంగతి, లైబ్రరీలో పుస్తకం సంగతి.

"ఆమె పేరు ఆమెకిచ్చారా?"

"ఇచ్చారమ్మా."

అమ్మ కాసేపు మాట్టాడలేదు.

"నా పేరు లేపోతే పాయె. పిలగాడి పేరన్నా ఉంచాల్సింది గదే."

ఆ రాత్రి అమ్మ పాడతా ఉంటే కొత్త నోటుబుక్కులో రాసుకున్నా. తమ్ముడి పేరు ఎక్కడుండాలో అక్కడ పెట్టా. రాయడం అయ్యాక, పాట కింద అమ్మ వేలిముద్ర వేయించా.