గాలం కర్ర కొంటున్నారా?

చీరైతే గంటసేపు చూసి కొంటాం. మరి గాలం కర్రో? రిటైరయ్యాక మాటే కరువైన మావారికి డల్లాస్‌లో అబ్బాయి ఇంటి దగ్గరి చెరువు మళ్ళీ హుషారు తెచ్చింది. అందుకే చెబుతున్నా.

జెర్క్‌బైట్ అంటే బొమ్మచేప ఎర. దాన్ని కుదుపుతూ, మధ్య మధ్య ఆపుతూ లాగాలి. చాలాసార్లు ఆపినప్పుడే చేప పట్టుకుంటుంది. కర్ర కొన కిందికి దించి కుదుపుతారు కనుక, మరీ పొడవైతే నీళ్ళకు కొట్టుకుంటుంది. 6 అడుగుల 6 అంగుళాల నుంచి 7 అడుగుల లోపు చాలు. పిడి మోచేతికి తగలకూడదు. కొన కాస్త వంగేదైతే చేప నోట్లోంచి కొక్కెం ఊడిపోదు.

అన్నిటికన్నా ముఖ్యం, బరువు. కొట్లోనే పదిసార్లు కుదిపి చూడమనండి. మణికట్టు లాగిందా, వద్దనండి. చేప పడకపోతే రేపు మళ్ళీ వెళతారు. చెయ్యి నొప్పెడితే ఇక వెళ్ళరు!