లాకుల నుంచి శివారు దాకా

తెల్లవారుజామున నాలుగింటికి సైకిల్ బయటికి తీసేసరికి గుణదల కొండ మీది శిలువ మసక చీకట్లో లీలగా కనిపిస్తోంది. క్యారియర్‌కి కట్టిన సంచిలో కొత్త పంచె, చొక్కా. శ్రావణమాసపు వానకి తడవకుండా అమ్మ వాటిని రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి ఇచ్చింది. అవనిగడ్డ అవతల, దివిసీమ శివార్లలో ఆ రాత్రి నా స్నేహితుడి పెళ్ళి. డెబ్భై కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. బస్సెక్కితే హాయిగా వెళ్ళిపోవచ్చు. కానీ ఆ దారిలో సైకిల్ మీద వస్తానని వాడికి ఎప్పుడో మాటిచ్చాను.

లయోలా కాలేజీలో చదివే రోజుల్లో ఇచ్చిన మాట అది. వాడి నాన్న కౌలు రైతు. ఏటా వానాకాలం మొదట్లో ఆయన హాస్టల్‌కి ఫోన్ చేసేవారు. బాగున్నావా, తిన్నావా అన్నాక మూడో మాట ఎప్పుడూ ఒకటే: "లాకుల దగ్గర నీళ్ళు ఎట్టా ఉన్నయిరా?" వాడికి సైకిల్ లేదు, నాకుంది. డబుల్స్ వేసుకుని యనమలకుదురు లాకుల దాకా తొక్కేవాళ్ళం. ప్రకాశం బ్యారేజీ నుంచి వచ్చిన నీళ్ళు అక్కడ చీలిపోతాయి. బందరు వైపు ఒక కాలువ, దివిసీమ వైపు ఇంకొకటి. రెండోదాన్ని అందరూ కేఈబీ అంటారు. నీళ్ళు ఎంతవరకూ ఉన్నాయో చూసి వాడు ఫోన్‌లో చెబితే, ఆ లెక్కన ఆయన అక్కడ నారు పోసుకునేవారు. ఈ కాలువ పట్టుకుని ఒకసారి మీ ఊరు వస్తానురా అన్నాను. పెళ్ళికి రా అన్నాడు.

అయిదింటికి లాకుల దగ్గర ఆగాను. నీళ్ళు నిండుగా, ఎర్రగా, గట్టును ఒరుసుకుంటూ పోతున్నాయి. టీ కొట్టు పెద్దాయన సంచి వంక చూసి ఎక్కడికన్నాడు. చెప్పాను. పెళ్ళికూతురిది ఏ ఊరన్నాడు. గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం వైపు, నిన్ననే తరలివచ్చారన్నాను.

"నీళ్ళూ అటునుంచే, పిల్లా అటునుంచేనా!" అన్నాడాయన సంబరంగా.

నిజమే. 2015లో గోదావరిని ఎత్తిపోసే పట్టిసీమ మోటార్లు తిరగడం మొదలైనప్పటి నుంచి, ఎగువ నుంచి కృష్ణ రాని రోజుల్లో మా కాలువల్లో పారేది గోదావరి నీళ్ళే. కృష్ణ మీద 1855లో ఇంగ్లీషువాళ్ళు పూర్తి చేసిన ఆనకట్ట 1952లో తెగిపోయింది. దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. గేట్లున్నా నదిలో నీళ్ళు లేని ఏడు డెల్టా అంతా ఆకాశం వంక చూసేది. అందుకే ఆ పెద్దాయన మాట నాకు దారి పొడుగునా గుర్తుకొస్తూనే ఉంది.

కరకట్ట ఎక్కాక కుడివైపు కృష్ణ, లంకలు. ఎడమవైపు డెల్టా. కాలువ ఒకచోట కనిపిస్తుంది, ఇంకోచోట చెట్ల వెనక్కి తప్పుకుంటుంది. తోట్లవల్లూరు చుట్టుపక్కల పసుపు, అరటి, చెరుకు, కంద. వాన తుంపరలో పసుపాకు వాసన ముక్కుపుటాలకి తగిలి తొక్కుడు బరువు తెలియలేదు. ఆ తర్వాత తుమ్మముల్లు దిగి వెనక చక్రం చప్పబడింది. రెండు కిలోమీటర్లు నడిపించుకుంటూ వెళ్తే ఒక రావిచెట్టు కింద పంక్చర్ షాపు దొరికింది. ట్యూబు నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు వెతుకుతూ కుర్రాడు అంతా విన్నాడు. డబ్బులు తీసుకోలేదు. "పెళ్ళికి పోయేవాళ్ళ దగ్గర బోణీ వద్దులే అన్నా, కొత్త జంటకి చదివించానని చెప్పు" అన్నాడు. నేను ఇవ్వబోయిన పది రూపాయల నోటు విడిగా జేబులో పెట్టుకున్నాను.

కృష్ణ ఒడ్డునే ఉన్న శ్రీకాకుళం అనే ఊళ్ళో ఆంధ్రమహావిష్ణువు గుడి నీడలో పులిహోర పొట్లం విప్పాను. కళింగ దండయాత్రకి పోతూ ఇక్కడ ఆగిన కృష్ణదేవరాయలికి స్వామి కలలో కనిపించి ఆముక్తమాల్యద రాయమన్నాడని చెబుతారు. అరుగు మీద పది నిమిషాలు కునుకు తీశాను.

అసలు చూడాలనుకున్నది ఆ తర్వాతే కనిపించింది. పొద్దున ఎగువన చూసిన పొలాల్లో ఊడ్పులు అయిపోయి, నాట్లు తిరిగి పచ్చబడ్డాయి. చల్లపల్లి దగ్గరకొచ్చేసరికి ఆడవాళ్ళు వరసగా వంగి ఇంకా నాటుతున్నారు. మోపిదేవి దాటాక కొన్ని మళ్ళు దమ్ము కూడా పట్టలేదు. ఒక మూల నారు మాత్రం ముదురుతూ ఉంది. ఒకే కాలువ, ఒకే పూట ప్రయాణం, మధ్యలో ఇన్ని వారాల తేడా. బస్సు కిటికీలోంచి ఇది నాకెప్పుడూ కనపడలేదు. పైవాళ్ళ తూములు తాగాక మిగిలిందే శివారుకి. మా హాస్టల్ ఫోన్‌లో ఆ మూడో మాట ఎందుకంత ఆత్రంగా వినిపించేదో అప్పుడు నాకు తెలిసొచ్చింది.

పులిగడ్డ దగ్గర కాలువే నదిని దాటుతుంది. కింద కృష్ణ పాయ, పైన అక్విడెక్టులో సాగునీళ్ళు. సైకిల్ స్టాండ్ వేసి చాలాసేపు నిలబడ్డాను. పొద్దున లాకుల దగ్గర చూసిన కాలువే ఇది. నది మీదుగా మోసుకొచ్చి ఉప్పుగాలి తగిలే నేలకి అందిస్తున్నారు.

ఆ నేల ఏం చూసిందో వాడి నాయనమ్మ చెబితే విన్నాను. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిన రాత్రి ఆమె రైసుమిల్లు మేడ మీద ప్రాణం దక్కించుకుంది. తోబుట్టువులిద్దరూ దక్కలేదు. మళ్ళీ ఆ ఊళ్ళోనే ఇల్లు కట్టుకున్నారు, అదే చేను దున్నారు. ఇప్పుడు ఆ ఇంటిముందు తాటాకు పందిరి, అరటి బోదెలు, సన్నాయి.

నేను చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. పెళ్ళికొడుకు నలుగుపిండి ఒంటితోనే వీధిలోకి పరిగెత్తుకొచ్చాడు. "వచ్చావురా!" అని సైకిల్ హ్యాండిల్ పట్టుకుని వదల్లేదు. పంక్చర్ కుర్రాడి పది రూపాయలు వాడి చేతిలో పెట్టాను. వాడు కళ్ళకద్దుకున్నాడు.

ఆడవాళ్ళు మజ్జిగ తెచ్చారు. వాళ్ళ వెనకే వాడి నాన్న వచ్చారు. భుజం మీది తువ్వాలుతో నా మొహం తుడిచారు. బాగున్నావా బాబూ, తిన్నావా అన్నారు. తర్వాత గొంతు తగ్గించి,

"లాకుల దగ్గర నీళ్ళు ఎట్టా ఉన్నయి?"

"గట్టు నిండా ఉన్నయి బాబాయ్. పొద్దున అయిదింటికి నా కళ్ళతో చూశాను."

ఆయన పందిరి గుంజ పట్టుకుని చేను వైపు చూశారు. పక్కనున్న పాలేరుని పిలిచి, "పెళ్ళి కాగానే దమ్ముకి ట్రాక్టరు మాట్లాడు" అన్నారు.