గోదారి చివర చూస్తానంది అవ్వ

పోస్టు కొంచెం పెద్దది, తీరిక ఉన్నప్పుడు చదవండి.

మొన్న ఏప్రిల్ చివర్లో నా పరీక్షలు అయ్యాక మా ఇంట్లో వాళ్లమంతా కోనసీమ వెళ్లొచ్చాం. మావయ్య టాటా మ్యాజిక్‌లో ఏడుగురం. మాకు ఊరికే తిరగడానికి బండి కట్టుకుని వెళ్లడం అలవాటు లేదు. బయల్దేరామంటే పెళ్లికో, ఆసుపత్రికో, ఎమ్మార్వో ఆఫీసుకో. ఈసారి అడిగింది మా అవ్వ. "పుట్టినకాడి నుంచీ గోదారి ఒడ్డునే ఉన్నా. అది ఎక్కడికి పోతదో చూళ్ళేదు. ఒకపాలి తీసుకెళ్లండిరా" అంది.

మేం కొండరెడ్లం. మాది దేవీపట్నం మండలంలో ఒడ్డు మీద ఊరు. పోలవరం కాఫర్ డ్యామ్ లేచాక వరద నీళ్లు ఇళ్లలోకి రావడం 2019లో మొదలైంది. 2021 జూన్‌లో గోదారిని స్పిల్‌వే మీదుగా మళ్లించారు. ఆ వానాకాలానికి మేం గోకవరం వైపు కాలనీకి వచ్చేశాం. వరసగా ఒకేలాంటి ఇళ్లు, బోరు నీళ్లు. ఏజెన్సీ హద్దు దాటి వచ్చాం, 1/70 చట్టం ఆ హద్దు దగ్గరే ఆగిపోతుంది. ఇవి మీలో చాలామందికి తెలిసిన సంగతులే. అవ్వ మాత్రం కాలనీకి వచ్చాక ఒక్కసారి కూడా గోదారి మొహం చూడలేదు.

రాజమండ్రి దాటి ధవళేశ్వరం బ్యారేజీ మీద బండి ఆపాం. ఒక పక్క నీళ్లు నిండుగా ఉన్నాయి. రెండో పక్క ఇసుక మేటలు, మధ్యలో అక్కడక్కడా మడుగులు. అవ్వ అటూ ఇటూ చూసి, "ఇదేంట్రా, ఇక్కడే అయిపోయిందా?" అంది. అందరం నవ్వాం. కానీ ఆమె అన్నది చాలా వరకు నిజం.

కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పుడున్న బ్యారేజీ తర్వాత కట్టింది. ఇక్కడి నుంచి నీళ్లు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకి పోతాయి. మొత్తం పది లక్షల ఎకరాల ఆయకట్టు. మధ్య డెల్టా అంటే కోనసీమే. వేసవిలో గేట్లు దించేస్తే సముద్రానికి వెళ్లేది ఏమీ ఉండదు, ఉన్నదంతా కాలవల్లోకే. ఇంకో సంగతి. దాళ్వా పంటకి గోదారిలో మామూలుగా వచ్చే నీళ్లు చాలవు. సీలేరు పవర్‌హౌస్‌ల నుంచి వదిలే నీళ్లే ఆదుకుంటాయి. డొంకరాయి, మోతుగూడెం అడవుల్లోంచి వచ్చి శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదారిలో పడే నీళ్లు అవి. మన చింతూరు వైపు స్నేహితులు గుర్తుపెట్టుకోవాలి, కోనసీమ దాళ్వా అన్నంలో మీ కొండ నీళ్లున్నాయి.

బొబ్బర్లంక నుంచి కాలవ పక్కనే రోడ్డు. ఇంకొన్నాళ్లలో కాలవలు కట్టేస్తారు, అప్పటికి ఇంకా పారుతున్నాయి. లొల్ల లాకుల దగ్గర ఎవరో పెళ్లి ఫొటోలు తీసుకుంటున్నారు. ఆత్రేయపురంలో పూతరేకులు కొన్నాం. అవ్వ ఒకటి విప్పి చూసి "కాగితాన్ని కూడా తింటారా వీళ్లు" అంది, తర్వాత మూడు తింది.

రావులపాలెం, కొత్తపేట. వరికోతలు అయిపోయిన చేలు, వాటి గట్ల మీద కొబ్బరి, కొబ్బరి వెనక మళ్లీ కొబ్బరి. చాలాసేపు చూసి అవ్వ, "ఒక్క జీలుగు చెట్టు లేదేంట్రా" అని అడిగింది. మాకు ఊళ్లో నాలుగు జీలుగు చెట్లుండేవి. తాత కాలం నుంచీ మావే. ఎవరి చెట్టు ఎవరిదో ఊరంతటికీ తెలుసు, కాగితం ఏదీ లేదు. పరిహారం లెక్క కట్టినప్పుడు అవి మా లెక్కలోకి రాలేదు. కొత్తపేటలో కొబ్బరి బొండాలు కొట్టే ఆయన తన చెట్లు ఎన్నో, చెట్టుకి ఏడాదికి ఎన్ని కాయలో, కాయ ధర పడిపోతే ఎంత నష్టమో గడగడా చెప్పాడు. నాన్న వింటూ ఉన్నాడు. డబ్బులిచ్చి వచ్చేటప్పుడు, "లెక్క తెలిసిన చెట్లు" అన్నాడు, అంతే.

అమలాపురంలో మధ్యాహ్నం భోజనం. గడియార స్తంభం దగ్గర ఎండ మండిపోతోంది. డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా అని ఉన్న బోర్డు కింద తమ్ముడు ఫొటో దిగాడు. ఆ పేరు వద్దని 2022 మే 24న ఇదే ఊళ్లో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. అదే ఏడాది ఏప్రిల్‌లో మన వైపు అల్లూరి పేరుతో జిల్లా వచ్చింది. మనల్ని అడిగిందీ లేదు, మనం వద్దన్నదీ లేదు. "గాం గంటం దొర జిల్లా అని పెట్టి ఉంటే ఎవరు తగలబెట్టేవాళ్లో" అన్నాడు తమ్ముడు. వాడికి ఇంటర్ రెండో ఏడాదికే ఇలాంటివి తోస్తున్నాయి.

అంబాజీపేట మీదుగా గన్నవరం వెళ్లాం. పి. గన్నవరం అంటే అక్కడివాళ్లకి తెలుస్తుంది. అక్కడ వైనతేయ పాయ మీదుగా అక్విడెక్టు కట్టి కాలవని అవతలి ఒడ్డుకి తీసుకెళ్లారు. కింద నది, పైన కాలవ. బొబ్బర్లంకలో చూసిన నీళ్లే నదిని దాటి రాజోలు వైపు పోతున్నాయి. పక్కనే కాటన్ కాలం నాటి పాత వంతెన.

ఒడ్డున ముంజెలు అమ్ముతున్న ఆవిడ దగ్గర కూర్చున్నాం. "ఏ ఊరండీ మామ్మగారూ?" అని అడిగింది. అవ్వ చెప్పింది. "ఓ, పోలవరం ముంపోళ్లా? ప్యాకేజీ డబ్బులు బాగానే వచ్చాయంట కదండీ?" నాన్న మొహం తిప్పుకున్నాడు. నాకు కోపం వచ్చింది. ఏదో అనబోయాను, అంతలో అవ్వ, "ఎనభై ఆరులో మీ ఊళ్లోకి ఎంత వచ్చిందమ్మా నీళ్లు?" అని అడిగింది.

ఇక వాళ్లిద్దరికీ మేం అవసరం లేకపోయింది. 1986 ఆగస్టు వరదలో అవ్వ వాళ్లు పిల్లల్ని ఎత్తుకుని కొండెక్కారట, మేకలు పోయాయట. ఆవిడ వాళ్లది లంక, ఎక్కడానికి కొండ లేదు. బడి మేడ మీద ఉన్నారట. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మళ్లీ ఇల్లు వదిలారు. "మాది ఎకరం పైన లంక భూమి గోదారి కోసుకుపోయిందండీ. దానికి ఎవరూ ఏమీ ఇవ్వరు" అంది. అవ్వ ఆవిడ చేతి మీద చెయ్యి వేసింది. ఆవిడ రెండు ముంజెలు ఊరికే ఇచ్చింది. ప్యాకేజీ మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు. నాకు ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది, కానీ అప్పుడు నేను నోరు తెరవకపోవడమే మంచిదైంది.

తాటిపాక దాటాం. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది ఈ చుట్టుపక్కలే, 2014లో నగరంలో గ్యాస్ పైపు పేలిందీ ఇక్కడే. కోనసీమ వాళ్లంటే మన నీళ్లు వాడుకునే సుఖవంతులని అనుకుంటూ పెరిగాను. గ్యాస్ పైపు పక్కన పడుకునే వాళ్లు అని ఎప్పుడూ అనుకోలేదు.

రాత్రి రాజోలులో లాడ్జి. కౌంటర్లో కుర్రాడు నాన్న ఆధార్ తీసుకుని రిజిస్టర్లో రాస్తూ, "ఈ ఊరు ఎక్కడండీ?" అన్నాడు.

"ఇప్పుడు లేదు బాబూ."

"లేదంటే?"

"నీళ్లల్లో ఉంది."

కుర్రాడు నాన్న మొహంలోకి చూసి, ఇంకేం అడక్కుండా ఆ అడ్రసే రాశాడు. ఆధార్ ప్రకారం మా ఇంట్లో అందరం ఇంకా ఆ ఊళ్లోనే ఉన్నాం.

పొద్దున్నే అంతర్వేది. గుడి చూసుకుని అన్నాచెల్లెళ్ల గట్టుకి వెళ్లాం. వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే చోటు. వానాకాలం అయితే ఎర్ర నీళ్లూ నీలం నీళ్లూ విడివిడిగా కనపడతాయట. మాకు అంతా ఒకే రంగు. అవ్వ చీర ఎత్తి పట్టుకుని మోకాళ్ల దాకా దిగి దోసిలితో నీళ్లు నోట్లో పోసుకుంది. వెంటనే ఉమ్మేసింది. "ఉప్పు. ఇది గోదారి కాదు."

నేను చదువుకున్నవాడిలా సముద్రం పోటు, గేట్లు, కాలవలు అన్నీ వివరించాను. అవ్వ సగం విని, "అయితే నిన్న చేలల్లో చూసిందే చివర. ఇంత దూరం ఎందుకు తెచ్చారు మరి?" అంది.

తిరిగి వచ్చేటప్పుడు బొబ్బర్లంక దగ్గర కాలవ రేవులో దిగుతానంది. మెట్లు పట్టుకుని మెడ లోతుకి దిగింది. అమ్మ గట్టు మీద నుంచి కేకలు. మావయ్య రెండుసార్లు హారన్ కొట్టాడు. అరగంటకి గానీ బయటికి రాలేదు.

ఇంటికొచ్చిన వారానికి నా స్కాలర్‌షిప్ కోసం నాన్న, నేను ఆధార్‌లో అడ్రస్ మార్పించుకున్నాం. అవ్వ తనది మార్చనివ్వలేదు. పింఛన్ ఆగిపోతుందేమో అని నాన్న భయం. మీలో ముంపు ఊళ్ల వాళ్లు పెద్దవాళ్ల కార్డులకి ఏం చేశారో, ఏ కాగితాలు అడిగారో చెప్పండి.