గరిక నేర్పిన పాఠం

గరికపోచను లోకం చులకనగా చూస్తుంది. ఆత్రేయపురంలో ఏటిగట్టుకు దిగువన కాపురమున్న మాకు కూడ దాని విలువ ఆలస్యంగానే తెలిసింది.

కొన్నేండ్ల క్రిందట కడియం తోటలలో తివాచీవలె పరచుకొన్న పచ్చికను చూచి ముచ్చటపడి, మా వాకిట గరిక నాటించాము. రెండు నెలలకే ఆ ముచ్చట తీరింది. కొబ్బరిచెట్ల నీడన గరిక పలుచబడింది. చూరునీరు నిలిచినచోట పసుపుబారింది. నడిచే దారిలో నేల బోడిపడింది. మిగిలినచోట తుంగ తలయెత్తింది. ఎరువు చల్లితే తుంగే ఏపుగా పెరిగింది!

అరుగుపై కూర్చుండి ఇదంతా చూస్తున్న మా దాదీ, "ఆకుకు వైద్యం చేస్తున్నావు బేటా, నేలనేమైనా అడిగావా?" అన్నది.

అప్పుడు నేలను పరిశీలించాము. గరికకు ఎండ కావాలి. కనుక నీడపట్టున దానిని మాని సరస్వతాకు నాటాము. నీరు నిలిచేచోట మన్నుపోసి వాలు తీశాము. దారిలో పలకరాళ్లు పరిచాము. తుంగను పైన పెరికితే ఆకు తెగుతుందే కాని, గడ్డ లోపలనే ఉండి మరల మొలుస్తుంది. అందుచేత గునపంతో త్రవ్వి, గొలుసువలె అల్లుకొన్న గడ్డలను ఏరి ఎండబెట్టాము. అది వదలడానికి రెండు వేసవులు పట్టింది.

ఆ పిమ్మట ఏటిగట్టునూ అదే కంటితో చూడసాగాము. పశువులు దిగే జాడలలో, అడ్డదారులలో గరిక చచ్చి మన్ను బయటపడి ఉన్నది. ప్రతి వానా ఆ మన్నును మా ఊరి పూతరేకంత పలుచని పొరలుగా కడిగివేస్తుంది. ఎవరి కంటా పడదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి కోనసీమలో గట్లు తెగిన వైనం, మేము పుట్టకముందటిదైనా, దాదీ నోట ఎన్నోమారులు విన్నాము. అంతటి వరదను గరిక ఆపగలదని మేమనము. అయితే గట్టుమన్నును ఏడాది పొడుగునా వానకోతనుండి కాచేది గరికయే.

బోడిపడినచోట బంకమన్ను దట్టించి, వేళ్లతోసహా తీసిన గరికచెక్కలు పరచి, జారకుండ వెదురుపుల్లలు గ్రుచ్చి, వేరు పట్టేవరకు కాలు మోపకుండ కాపాడాలి. పశువులకు ఒక్కటే దారి విడువాలి. ఎలుకబొరియలు దాగకుండ తుప్పలు కొట్టాలి. విద్యార్థి మిత్రులారా, గరిక నాటడానికి తొలకరి అనువైన వేళ. మా ఇంటి వెనుకటి గట్టున ఒక బోడిచోటు ఇంకా మిగిలియున్నది. సంబంధిత అధికారులకు తెలిపి, వచ్చే తొలకరికి అక్కడికి వెళ్లదలచాము. గునపం మా వద్ద ఉన్నది, చేతులే చాలవు.