కల్వకుర్తి కిటికీలు

తెలుగువాళ్లకు కిటికీల కరువు వుంటే వుండవచ్చు గాని, కిటికీ పేర్లకు ఎన్నడూ కరువు లేదు. గవాక్షమన్నాం, వాతాయనమన్నాం, జాలకమన్నాం. ఇన్ని సంస్కృత నామధేయాలు చేతిలో వుండగా, వ్యవహారానికి వచ్చేసరికి ఉత్తరాది 'ఖిడ్కీ'ని తెచ్చుకుని, దాని బిగువు కాస్త సడలించి 'కిటికీ' చేసుకున్నాం. నేను కళాశాలలో పద్దెనిమిదేళ్లుగా తెలుగు చెబుతున్నాను. తరగతిలోకి జల్లు కొట్టినప్పుడు "నాయనా, ఆ వాతాయనము మూయుము" అని ఒక్కనాడూ అనలేదు. అని వుంటే ఆ మాటకు అర్థం చెప్పేలోగా నేనూ, హాజరుపట్టీ, కిటికీ పక్క పిల్లలూ అందరం తడిసి ముద్దయ్యేవాళ్లం.

అయితే ఆ పేర్లలో ఒక చమత్కారం వుంది. గవాక్షమంటే ఆవు కన్ను. ఇంగ్లీషువారి 'విండో' వెనకటి స్కాండినేవియా వారి మాట. దానికి గాలి కన్ను అని అర్థం. అంటే మనమూ, వాళ్లూ కూడబలుక్కోకుండానే ఇంటికి ఒక కన్ను వుండాలనుకున్నామన్నమాట. మరి ఆ కన్ను ఎటు చూస్తోంది? ఎవరికోసం చూస్తోంది? యీ ప్రశ్న బుర్రలో దూరి, యీ వేసవిలో పొద్దుటి నడకకు వెళ్లినప్పుడల్లా కల్వకుర్తి కిటికీలను సెల్‌ఫోనుతో ఫోటోలు తీయడం మొదలుపెట్టాను.

కల్వకుర్తి హైదరాబాదుకు దక్షిణంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో వుంది. 2016లో జిల్లాలు విడదీసేదాకా మహబూబ్‌నగర్ జిల్లా; ఆ తరువాత నాగర్‌కర్నూల్ జిల్లా. జయపూరులో 1799లో కట్టిన హవామహల్ వుంది, దానికి 953 కిటికీలు. వాటిని చూడటానికి దేశదేశాల నుంచి జనం వస్తారు. మా వూరి కిటికీలను చూడటానికి ఎవరూ రారు. అందుచేత ఇక్కడ పొద్దున్నే ఒక మనిషి గోడకేసి ఫోటో తీస్తున్నాడంటే, వాడు సర్కారు మనిషే అయివుండాలి.

మొదటినాడే ఒకాయన పళ్లపుల్ల నోట్లో వుండగానే బయటికొచ్చి, "రోడ్డు వెడల్పుకా సారూ? ఈ గోడ మా పట్టాలనే ఉన్నది" అన్నాడు. రెండో వీధిలో ఒక ముసలమ్మ కిటికీ చువ్వలు పట్టుకుని, "పింఛను రాసెతందుకు వచ్చినవా బిడ్డా?" అని అడిగింది. కిటికీ బాగుందని ఫోటో తీస్తున్నానంటే నమ్మలేదు. "కిటికీ బాగుంటె నాకేమొస్తది?" అన్నది. ఆ ప్రశ్నకు మా ఎం.ఏ. పాఠ్యగ్రంథాల్లో జవాబు లేదు.

పాత బజారులోని ఇళ్లకు నాలుగు రెక్కల కిటికీలున్నాయి. నిలువుగా ఇనుపకంబీలు, కింద రెండు రెక్కలు, పైన రెండు. కింది రెక్కలు మూసి పైవి తెరిస్తే ఇంట్లోకి గాలి వస్తుంది, వీధివాళ్ల చూపు రాదు. పైవి మూసి కిందివి తెరిస్తే, చాపమీద కూచున్నవాళ్లకు వీధి కనిపిస్తుంది. మర్యాదనూ, కుతూహలాన్నీ రెండు రెక్కల చొప్పున పంచి ఇచ్చిన ఆ వడ్రంగి ఎవరోగాని సంసారం తెలిసినవాడు.

చుట్టుపక్కల పల్లెల్లో మిగిలిన మట్టిమిద్దెలకు చాలావాటికి వీధిగోడలో కిటికీ వుండదు. మూరెడు మందం గోడ, ఒక దర్వాజ, అంతే. వెలుతురు కావాలంటే కప్పులో ఒక కంత. దాన్ని 'గవాచి' అంటారు. వంటపొగ అందులోంచి పైకి పోతుంది; పొద్దు అందులోంచి కిందికి దిగుతుంది. వానొస్తే ఎవరో ఒకరు మిద్దె ఎక్కి దానిమీద బండో, తట్టో బోర్లించాలి. గవాచి అంటే మరేమిటి, మన గవాక్షమే! పండితుల చేతిలో పడ్డ గవాక్షం నిఘంటువెక్కి కూచుంటే, సామాన్యుడి గవాచి మిద్దె ఎక్కి ఇంకా పనిచేస్తోంది.

ఇంగ్లండులో 1696 నుంచి 1851 దాకా కిటికీలకు పన్ను వుండేది. అది తప్పించుకోవడానికి జనం వున్న కిటికీలను ఇటుకలు పెట్టి పూడ్చుకున్నారు. మా పాలమూరులో కిటికీ పన్ను వెయ్యనక్కర లేకపోయింది. కర్రకూ, కంబీలకూ, వడ్రంగి కూలికీ డబ్బు లేనివాడి గోడ దానంతటదే మూసుకుపోయింది.

ఇక బస్టాండుకు వద్దాం. అక్కడ కిటికీయే సింహద్వారం. బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి దస్తీ పడుతుంది, వెంట సంచీ పడుతుంది, ఒక్కోసారి అయిదేళ్ల పిల్లవాడు కూడా పడతాడు. దస్తీ వేసినవాడిదే సీటు. దీనికి ఏ చట్టంలోనూ సెక్షను లేకపోయినా, ఇంతగా అమలయ్యే చట్టం మరొకటి లేదు. 2023 డిసెంబరులో ఆడవారికి ఉచిత ప్రయాణం వచ్చిన తరువాత దస్తీలకు చున్నీలతో పోటీ ఏర్పడింది. గెలుపు చున్నీలదే.

ఫోటోకు అందని కిటికీ ఒకటుంది. రైతుకు అప్పూ, విత్తనమూ, ఎరువూ అన్నీ ఒక్కచోటే దొరకాలని 1987లో సహకార సంఘాలను 'సింగిల్ విండో' పద్ధతిలోకి తెచ్చారు. అప్పటినుంచి సంఘం పేరే సింగిల్ విండో అయిపోయింది. ఓట్లు వేసి చైర్మనును ఎన్నుకున్న కిటికీ ప్రపంచంలో ఇంకెక్కడా వుండదనుకుంటాను. ఆనాటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావుగారు 1989 ఎన్నికల్లో హిందూపురంతోపాటు మా కల్వకుర్తిలోనూ నిలబడ్డారు. హిందూపురం తలుపు తెరిచింది. కల్వకుర్తి చిత్తరంజన్‌దాస్‌గారిని గెలిపించి, కిటికీ కూడా వేసేసుకుంది.

వూరి చివర కొత్తగా కడుతున్న ఒక రెండు గదుల ఇంటి దగ్గర మాత్రం నా కాళ్లు ఆగిపోయాయి. వీధివైపు గోడలో ఇంటికి మించిన కిటికీ. పైగా మరీ కిందికి వుంది, నేలకు మూరెడు ఎత్తులో. కొలత తప్పిందేమో అనుకుంటూ ఫోటో తీస్తుంటే, లోపల గిలాబు చేస్తున్న మనిషి బయటికి వచ్చాడు. యాభై దాటినవాడు. ఇల్లు ఆయనదే, మేస్త్రీ ఆయనే.

పాలమూరు కూలీల కథ తెలియనివారు లేరు. కరువు మూలంగా గుంపుమేస్త్రీ దగ్గర ముందుగా డబ్బు తీసుకుని, ఇంటికి తాళం వేసి, ఆనకట్టలకూ, మేడలకూ, రోడ్లకూ దేశమంతా వెళ్లినవాళ్లు. ఈయన బొంబాయిలో ముప్ఫై ఏళ్లు చేశాడు.

"ఎన్ని కిటికీలు పెట్టిననో లెక్కలేదు సారూ. కొన్నిట్లకెల్లి చూస్తే సముద్రం కనవడుతుండె. సిమెంటు ఆరెదాంక అవి మావి. ఆరినంక మమ్ముల లోపటికి రానియ్యకపోదురు" అన్నాడు నవ్వుతూ.

కొల్లాపూరు దగ్గర ఎల్లూరు, ఆపైన జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు — ఇలా మూడుచోట్ల కృష్ణ నీటిని ఎత్తిపోసే కల్వకుర్తి పథకంలో మొదటి దశ 2012లో మొదలైంది. కాలువ వాళ్ల చేను దాకా వచ్చాక ఆయన తిరిగి వచ్చేశాడట. కాలువ అందరి చేలకూ ఇంకా అందలేదు. అందినవాళ్లలో ఈయన ఒకడు.

"మరి కిటికీ ఇంత కిందికి పెట్టావేమయ్యా?" అన్నాను.

"మా అమ్మ కోసం సారూ. నేను ఏ పండుగకు వస్తనో ఎరుక లేక, రోజూ గడపల కూసొని బాట చూస్తుండె. ఎండైనా గడపే, చలైనా గడపే. ఇప్పుడు నేను ఊర్లెనే ఉన్న. అయినా ఆమెకు అలవాటు పోలే. చేనికి పోయినా బాటే చూస్తది. కూసున్నకాడికెల్లి కనవడాలెనని కిందికి పెట్టిన."

కొలత తప్పలేదు. కూచున్న ముసలమ్మ కంటికి సరిగ్గా కొలిచి పెట్టిందే.

ఆ తరువాత వూళ్లోని మిగతా కిటికీలు నాకు వేరుగా కనిపించసాగాయి. అంతస్తుల ఇళ్లకు జరిగే అద్దాలున్నాయి, దోమల జాలీలున్నాయి, మీద దళసరి తెరలున్నాయి. లోపల ఏ.సి. పెట్టుకున్నాక గాలి కన్ను తెరిస్తే కరెంటు బిల్లు పెరుగుతుంది. పిల్లలు హైదరాబాదులోనో, అమెరికాలోనో వుంటారు. తల్లిదండ్రులు ఆదివారం రాత్రి అరచేతిలోని అద్దంలో వాళ్ల ముఖాలు చూసుకుంటారు. అదీ ఒక కిటికీయే, కాదనను. కాని దాని ఎదుట బాట లేదు. అందులోంచి ఎవరైనా నడిచి వస్తారని కూచోవడానికి లేదు.

మే నెలాఖరుకు 63 ఫోటోలయ్యాయి. మా ఆవిడ అన్నీ తిరగేసి, "పెళ్లిలో మా అక్కయ్య ఫోటో తియ్యమంటే సగం తల ఎగరగొట్టారు. కిటికీలకు మాత్రం ఒక్క చువ్వ పోనివ్వలేదు" అన్నది. అని వూరుకోక, "ఇంతకీ మన ఇంటి కిటికీ ఏదండీ?" అని అడిగింది.

మన ఇంటి కిటికీకి మార్చి నుంచీ కూలరు అడ్డం వుందనీ, అది కదిలితే గాని ఫోటోకు రాదనీ విన్నవించుకున్నాను.

మృగశిర కార్తె వచ్చి రెండు వానలు పడ్డాక, మా అబ్బాయీ నేనూ కలిసి కూలరు దించాం. మా ఆవిడ బూజు దులిపి, బిగుసుకుపోయిన రెక్కలు గట్టిగా నెట్టింది. ఎదురింటి పెద్దావిడ తన కిటికీలో కూచుని చిక్కుడుకాయలు వలుస్తోంది. తలెత్తి చూసి అన్నది:

"ఏం బిడ్డా, ఊర్లెనే ఉన్నరా? ఎండకాలమంతా కానరాకపోతిరి, తల్లిగారింటికి పోయిన్రనుకున్న."