చూపుకీ ఓ కూలి

విజయవాడ సింగ్‌నగర్ పైపుల రోడ్డు మీంచి సందులోకి తిరిగితే టైలర్ కొట్టు పక్కన ఒంటి షట్టరు గది. గోడకి పానాలు, డ్రిల్లు మెషీన్లు, చుట్టలు చుట్టిన వైర్లు. బల్ల మీద ఓ లెక్కల పుస్తకం. బోర్డు మీద ‘అన్ని రకాల ఇంటి రిపేర్లు’ అని ఉంది గానీ, యజమాని అసలు పని కరెంటు. పాతికేళ్లు అపార్ట్‌మెంట్లలో వైరింగ్ చేశాడు. బిల్డర్ దగ్గర పాయింటుకింత అని మాట్లాడుకుని, కుర్రాళ్లని వెంటేసుకుని పనిచేసిన మనిషి. వరద వచ్చిన తర్వాతి సంక్రాంతికి ఈ కొట్టు పెట్టాడు. అంత అనుభవం ఉన్నవాడికి సొంత వ్యాపారంలో కొత్తగా నేర్చుకోవలసింది ఏముంటుందో చూద్దామని వెళ్లాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి ఈ పేటల మీద పడింది. గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా రావలసి వచ్చింది. వారం దాటినా నీళ్లు దిగని వీధులున్నాయి. కింది అంతస్తు ఇళ్లకి 25,000, పై అంతస్తుల వాళ్లకి 10,000 చొప్పున ప్రభుత్వం సాయం ప్రకటించింది. “ఆ డబ్బు మంచాలకీ ఫ్రిజ్జులకీ చాలలేదండీ. గోడలోపలి వైర్ల సంగతి ఎవరికి గుర్తుంటుంది? పైన స్విచ్ ప్లేట్లు మార్చుకున్నారు. వెనకాల డబ్బాలో బురద అలాగే ఎండిపోయింది. వాన పడ్డప్పుడల్లా అది చెమ్మ పీలుస్తుంది” అన్నాడాయన. కొత్త కట్టడాల్లో గోడ తెరిచి ఉంటుంది, పైపు ఎటు పోతోందో కళ్లకి కనపడుతుంది. రిపేరులో అన్నీ సిమెంటు వెనకే. ఏ గోడ పగలగొట్టాలో తెలియడమే సగం పని అని ఆయన అంటే మాటవరసకి అన్నాడనుకున్నాను. ఆ పొద్దున ఆయన వెంట రాజరాజేశ్వరిపేటలో ఓ ఇంటికి వెళ్లాక, సగం కాదు, ముప్పాతిక అనిపించింది.

ఆ ఇంటి పెద్దావిడ గుమ్మంలోనే మొదలుపెట్టింది. “ట్రిప్పర్ మాటిమాటికీ పడిపోతోంది బాబూ. రెండుసార్లు కొత్తది వేయించాను. మొన్న వచ్చినతను అది తీసేసి డైరెక్టు ఇచ్చేస్తానన్నాడు. నువ్వయినా ఇచ్చెయ్యరాదూ, పీడా పోతుంది?”

“ఆ పని మాత్రం చెయ్యను పిన్నిగారూ. అది పడిపోతోందంటే ఎక్కడో కరెంటు కారుతోందని. 30 మిల్లీ ఆంపియర్లు కారితే చాలు, ఆపేస్తుంది. తీసేస్తే ఆ కారేది మీ వొంట్లోంచి పోతుంది.”

మెయిన్ ఆపించాడు. టెస్టరుతో ఒకసారి సరిచూసుకున్నాడు. ఫ్రిజ్జు, మిక్సీ, ఇన్వర్టరు ప్లగ్గులు పీకించాడు, బల్బులన్నీ విప్పించాడు. బోర్డులో న్యూట్రల్ వైర్లు విడదీసి, గదికో లైను చొప్పున మెగ్గర్ పెట్టాడు. మెగ్గర్ 500 వోల్టులు పంపి వైరు పైతొడుగు ఎంత గట్టిగా ఉందో చెప్పే పరికరం. ఒక మెగా ఓమ్‌కి తగ్గితే ఆ లైనుని నమ్మకూడదు. హాలు లైను బాగుంది. పడకగది బాగుంది. వంటింటి లైను దగ్గర మాత్రం అంకె సున్నా పక్కనే ఆగింది. అప్పుడు కూడా సుత్తి తియ్యలేదు. వంటింట్లో ఒక్కో సాకెట్టు విప్పి చూసుకుంటూ వెళ్లాడు. ఫ్రిజ్జు వెనకాల, మోకాలి ఎత్తులో ఉన్న డబ్బా తెరిచేసరికి అడుగున వేలెడు మందాన నల్ల బురద గట్టిపడి ఉంది. అందులో అతుకు వేసిన వైరు, దాని మీద ఊడిపోయిన టేపు. వెంట ఉన్న ఐటీఐ కుర్రాడు “దొరికింది బాబాయ్!” అని అరిచాడు. బురద తీసి, ఆ ముక్క వైరు మార్చి, మళ్లీ మెగ్గర్ పెట్టి చూసి బిగించడానికి అరగంట కూడా పట్టలేదు. వెతకడానికి గంటన్నర పైన పట్టింది.

ఆయన వ్యాపారానికి చిక్కంతా ఆ గంటన్నరలోనే ఉంది. కొట్టు పెట్టిన కొత్తలో బిగించిన దానికే డబ్బు తీసుకునేవాడు. కొన్ని ఇళ్లలో ఆయన లోపం కనిపెట్టి చెబితే, సరే చూద్దాంలే అని పంపేసి, ఆ పని ఇంకెవరితోనో చవగ్గా చేయించుకునేవాళ్లు. పుస్తకం రాసేది ఆయన భార్య. నాలుగు నెలల లెక్క ముందు పెట్టి ఆవిడే అడిగిందట, రోజంతా తిరిగేది ఎక్కడికి, డబ్బు వచ్చేది ఎక్కడినుంచి అని. అప్పటినుంచి ఇంట్లో అడుగుపెట్టి చూసినందుకు 300. పని తనతో చేయించుకున్నా, మానుకున్నా అది వేరు. ఫోనులోనే ఆ మాట చెప్పేస్తాడు.

“సిగ్గేసిందండీ మొదట్లో. చూసినందుకు డబ్బులేంటి అనేవాళ్లు. డాక్టరు చెయ్యి పట్టుకు చూసినందుకు ఇవ్వట్లేదా అని మా ఆవిడ అనేది. నాకు అలా అనడం రాలేదు. కాయితం మీద అచ్చేయించి ఇచ్చేశాను.”

ఆ కాయితం చూశాను. చూపు కూలి, పని కూలి వేరువేరుగా ఉన్నాయి. సామాను ధర గడి ఖాళీ. సామాను ఆయన కొనడు, ఇంటివాళ్లనే కొట్టుకి పంపుతాడు, ఏ కంపెనీది, ఎంత మందం వైరు అని రాసిచ్చి. కొట్లవాళ్లు మేస్త్రీలకిచ్చే కమీషన్ వదులుకున్నట్టే. ఇది నాకు అన్నిటికన్నా పెద్ద విషయంగా తోచింది. ఈ చేతివృత్తుల్లో చాలామంది అసలు సంపాదన ఆ కమీషన్లో దాక్కుని ఉంటుంది. కూలి తక్కువ చెప్పి సామానులో రాబట్టుకోవడం అలవాటైపోయింది. అందుకే అవసరం లేని వైరు కూడా మారుతుంది. చూపుకి సూటిగా డబ్బు అడిగే ధైర్యం వచ్చాకే ఈయనకి కమీషన్ వదిలే వీలు చిక్కింది. ఒకదాన్ని ఇంకొకటి నిలబెట్టింది.

కాయితాల పని పెద్దగా లేదు. ఉద్యమ్ నమోదు ఉచితం. సేవల వ్యాపారంలో ఏడాది రాబడి 20 లక్షలు దాటితేనే జీఎస్టీ గొడవ. వైర్‌మన్ పర్మిట్ ఆయన దగ్గర పాతదే ఉంది. మెగ్గర్, డ్రిల్లు మెషీన్లు ముద్ర శిశు రుణంతో కొన్నాడు, 50,000 లోపు. పీఎం విశ్వకర్మ పథకంలో పనిముట్లకి 15,000, మొదటి విడత లక్ష అప్పు 5 శాతం వడ్డీకి ఇస్తారు గానీ, అందులో ఉన్న 18 వృత్తుల్లో తాపీమేస్త్రీ, వడ్రంగి ఉన్నారు, ఎలక్ట్రీషియనూ ప్లంబరూ లేరు. ఆయనతో కలిసి పనిచేసే తాపీమేస్త్రీకి దారి ఉంది, ఈయనకి లేదు. కూలిన గోడనీ కాలిన వైరునీ ఒకే ఇంట్లో పక్కపక్కన నిలబడి బాగుచేసే ఇద్దరి మధ్య ఈ తేడా ఉండకూడదని నా గట్టి నమ్మకం.

ఒక్క విషయంలో ఆయనతో వాదించాను. చేసిన పనికి ఆరు నెలల పూచీ ఇస్తాడు, తిరిగి వస్తే కూలి అడగడు. మంచిదే. కానీ వరదలో నానిన ఇంట్లో ఇవాళ వంటింటి డబ్బా బాగుచేస్తే రేపు స్నానాల గది డబ్బా పోతుంది, ఇంటివాళ్లకి రెండూ ఒకటే. పూచీ ఏ డబ్బాకో రాసివ్వమన్నాను. “రాయాలండీ” అన్నాడు, కుర్రాడి వైపు చూస్తూ. కాసేపయ్యాక కాయితంలో ఆ గడి ఎక్కడ పట్టిస్తే బాగుంటుందో ఇద్దరూ కొలుస్తున్నారు.

ఇప్పుడు ఆయన మనసంతా ఇంకో పని మీద ఉంది. వానలకి ముందే ఇల్లిల్లూ తిరిగి, అన్ని లైన్లకీ మెగ్గర్ పెట్టి, ఎర్తింగ్ చూసి, ట్రిప్పర్ టెస్ట్ బటన్ నొక్కి చూపించి, ఉన్న సంగతి రాసివ్వడం. ఏడాదికోసారి, ఇంటికి 600. ఏమీ పాడవకుండానే ఎలక్ట్రీషియన్‌ని పిలవడం మనకి అలవాటు లేని పని. లెక్కల పుస్తకం చివరి పేజీలో ఆ జాబితా మొదలైంది. ఇప్పటికి పదకొండు ఇళ్లు. పన్నెండో గడిలో రాజరాజేశ్వరిపేట పిన్నిగారి పేరు రాయించుకుని, డబ్బు మాత్రం మేలో ఇవ్వమన్నాడు.