అంతర్వేదికి రెండు దారులు

మా కడియం వాళ్లకి ఇల్లు కదలడం అంత తేలిక కాదండీ. పిల్లల్నైనా చుట్టాలింట్లో వదిలి వెళ్లొచ్చు గానీ మొక్కల్ని వదల్లేం. రెండు పూటలు నీళ్లు పట్టకపోతే నారు వాడిపోతుంది. అందుకే మా ఇంట్లో ప్రయాణమంటే రెండు నెలల ముందే అమ్మాయి పాత నోటు పుస్తకంలో మిగిలిన తెల్ల కాగితాలు బయటికొస్తాయి. లిస్టులు రాసే పని నాది.

ఈసారి గొడవ మా అమ్మాయి మొదలెట్టింది. హైదరాబాదులో చదువుతోంది కదా, స్నేహితులందరూ కేరళ వెళ్లి పడవ ఇళ్లలో ఫొటోలు దిగొచ్చారట. "మనమూ వెళ్దాం అమ్మా, కాలవలు, కొబ్బరిచెట్లు, ఎంత బాగుంటుందో!" అంది. మావారు పేపరు దించకుండానే, "కాలవలూ కొబ్బరిచెట్లూ చూడ్డానికి కేరళ దాకా ఎందుకే? దిండిలో పడవ ఇళ్లు లేవా? గోదావరి దాటితే అన్నీ అవేగా!" అన్నారు. అది మూతి ముడుచుకుంది.

అప్పుడు వరండాలో వత్తులు చేసుకుంటున్న మా అత్తయ్యగారు అన్నారు, "నన్నొకసారి అంతర్వేది తీసుకెళ్లండర్రా. సముద్రం చూసి చాలా ఏళ్లయింది."

ఆవిడ ఏదైనా కావాలని అడగడం ఈ ఇరవై మూడేళ్లలో నేను వినలేదు. కేరళ మాట అక్కడితో ఆగిపోయింది.

నిజం చెప్పాలంటే నాకూ సిగ్గేసింది. డిగ్రీలో తెలుగు చదివి, శ్రీనాథుడి భీమేశ్వర పురాణం గురించి పరీక్షలో పేజీలకి పేజీలు రాసినదాన్ని. ఆ భీమేశ్వరుడున్న ద్రాక్షారామం మాకు గంట ప్రయాణం. పెళ్లయిన ఆరేళ్లకి గానీ ఆ గుడి గడప తొక్కలేదు. దగ్గరున్నదానికి ఎప్పుడైనా వెళ్లొచ్చులే అనుకుంటాం. ఆ ఎప్పుడైనా అన్నది ఎప్పటికీ రాదు. మీ ఊరి పక్కనా ఇలాంటివి ఒకటో రెండో ఉండే ఉంటాయి.

సరే, ముందు నెల ఖాయం చెయ్యాలి. జూలై, ఆగస్టుల్లో కుదరదు. గోదావరికి వరదొస్తే లంక ఊళ్లు మునుగుతాయి, రేవుల్లో పంట్లు ఆపేస్తారు. పైగా వానాకాలమే మాకు మొక్కల బేరాలు. కార్తీకంలో పంచారామాలు తిరిగే బస్సులతో దారులన్నీ నిండి ఉంటాయి. మాఘంలో శుద్ధ దశమికి అంతర్వేది నరసింహస్వామి కల్యాణం. చూడాల్సిన వైభవమే గానీ ఆ జనంలో అత్తయ్యగారి మోకాళ్లు నిలబడవు. అలా తీసేసుకుంటూ వస్తే మార్గశిరం మిగిలింది. ఎండ ఉండదు, వాన ఉండదు.

ఇక దారి. అసలు చిక్కు ఇక్కడే వచ్చింది.

మాకు అంతర్వేది సుమారు వంద కిలోమీటర్లు. జొన్నాడ దగ్గర గౌతమి దాటితే రావులపాలెం. అక్కడ దారి రెండుగా చీలుతుంది. ఎడమకి తిరిగితే కోనసీమ లోపల్నుంచి కొత్తపేట, పి.గన్నవరం, రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా నేరుగా అంతర్వేది. తిరక్కుండా హైవే మీదే పోతే సిద్ధాంతం వంతెన మీద వశిష్ఠ దాటి, పాలకొల్లు మీదుగా నరసాపురం చేరి, అక్కడ కారుతో సహా పంటు ఎక్కి మళ్లీ ఇవతలి ఒడ్డుకి సఖినేటిపల్లి రావాలి. అంటే నదిని ఒకసారి దాటి వెళ్లి మళ్లీ దాటి రావడం.

నేను మొదటి దారే రాశాను. గన్నవరంలో వైనతేయ పాయ మీద అక్విడక్టు ఉందిగా. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ కాటన్ దొర రోజుల్లోనే ఇక్కడ నది మీంచి కాలవని దాటించారు. కింద నది, పైన కాలవ! తర్వాత పక్కనే కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆవిడ అక్కడి లంకల గన్నవరం ఇల్లాలు. వేళా పాళా లేకుండా ఆకలని వచ్చినవాళ్లకి అన్నం పెట్టిందావిడ. రాజులకీ దొరలకీ పేర్లు పెట్టడం మామూలే. వంటింట్లో జీవితం గడిపిన ఒక ఆడమనిషి పేరు నీళ్ల కట్టడానికి ఉందంటే నాకు ఎందుకో గర్వంగా ఉంటుంది. అమ్మాయి కోసం మామిడికుదురు దగ్గర ఆదుర్రు బౌద్ధస్తూపం కూడా రాశాను. తిరుగు ప్రయాణంలో ఆత్రేయపురం పూతరేకులు సరేసరి.

లిస్టు చదివి వినిపించాను. అత్తయ్యగారు అంతా విని, "పాలకొల్లు మీంచి వెళ్దాం అమ్మాయ్. క్షీరారామంలో స్వామి దర్శనం అవుతుంది. నరసాపురంలో లేసు పని చూస్తానన్నావుగా నువ్వు" అన్నారు.

ఆవిడ నా మీద పెట్టి చెప్పారు గానీ నాకు అర్థమైంది. రాజోలు దాటాక రోడ్డు పక్కనే ఆవిడ పుట్టిల్లు. అక్కడ ఆవిడ అన్నగారున్నారు. ఇద్దరికీ మాటల్లేవు.

నేను కాపరానికి రాకముందు సంగతి. 1996 నవంబరు 6 తుపాను మీకు గుర్తుండే ఉంటుంది. కోనసీమలో కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి. వీళ్ల తోటా అంతే. కొబ్బరి మళ్లీ పెట్టి కాపుకి రావాలంటే ఐదారేళ్లు. ఈలోగా అప్పులవాళ్లు ఊరుకోరు కదా. ఆయన తోట అమ్మేశారు. అందులో అత్తయ్యగారికి పసుపు కుంకుమ కింద ఇచ్చిన అర ఎకరం కూడా ఉంది. చెల్లెలికి ఒక్క మాట చెప్పలేదు. "అడిగితే నేనే సంతకం పెట్టేదాన్ని కదా" అని ఆవిడ ఒకే ఒక్కసారి అన్నారు నాతో. అర ఎకరం పోయినందుకు కాదు, అడగనందుకు ఆవిడ బాధ. మా పెళ్లికి మేనమామగారు రాలేదు. తర్వాత ఏవో పెళ్లిళ్లలో కనబడ్డా, ఇద్దరూ చెరో వరసలో కూర్చుని భోంచేసి వచ్చేవారు.

ఆయనకిప్పుడు ఎనభై దగ్గర పడుతోంది. కళ్లు సరిగా కనబడవట.

మావారు రాత్రి నాతో, "అమ్మకి చెప్పకుండా రాజోలు దారిలోనే పోనిద్దాం. ఇంటి ముందు కారాపితే అదే దిగుతుంది" అన్నారు. నాకూ ఒక్క క్షణం బాగుందనిపించింది. సినిమాల్లో అలాగేగా కలిసిపోతారు! కానీ నిద్ర పట్టలేదు. అప్పుడు ఆయన చేసిందీ అదే కదా, ఆవిడని అడక్కుండా ఆవిడ విషయం తేల్చెయ్యడం. మంచి కోసమే అయినా మళ్లీ అదే పని మనం చేస్తే ఎలా? పొద్దున్నే మావారికి చెప్పేశాను, "వద్దండీ. ఏ దారైనా ఆవిడే చెప్పాలి" అని.

అందుకని రెండు దారులూ రెండు కాగితాల మీద విడివిడిగా రాశాను. ఏ దారిలో ఎక్కడ టిఫిను, ఎక్కడ బాత్రూములు శుభ్రంగా ఉంటాయి, ఆవిడ బీపీ మాత్ర ఏ వేళకి పడుతుంది, అన్నీ రాశాను. పులిహోర, దద్దోజనం రెండింటికీ సమానమే. రాజోలు కాగితంలో ఆ ఊరి పేరు రాయలేదు, దాచాలనీ అనుకోలేదు. రెండూ ఆవిడ మంచం పక్కన పెట్టి, "తీరిగ్గా చూసి చెప్పండి అత్తయ్యగారూ" అని నా పనిలో నేను పడ్డాను.

నాలుగు రోజులు ఏమీ అనలేదు. ఐదో రోజు సాయంత్రం అమ్మాయి ఫోన్లో అంతర్వేది ఫొటోలు చూపిస్తోంది మామ్మకి. సెలవులకి వచ్చి ఉంది. లైట్‌హౌసు, గుడి, సముద్రం. ఒక ఫొటో దగ్గర, "ఇదేంటి మామ్మా, ఇటు నీళ్లు ఒక రంగు, అటు నీళ్లు ఒక రంగు?" అంది.

"గోదారి సముద్రంలో కలిసేది అక్కడేనే. దాన్ని అన్నాచెల్లెళ్ల గట్టంటారు" అన్నారు ఆవిడ. ఆ తర్వాత కళ్లజోడు తీసి చీరచెంగుతో చాలాసేపు తుడుచుకున్నారు. నేను వంటింట్లోంచే చూసి ఊరుకున్నాను.

మర్నాడు కాఫీ ఇస్తుంటే అన్నారు, "అమ్మాయ్, ఆ పంటు ఎక్కడం దిగడం నా మోకాళ్లతో ఏం పడతాను గానీ, రాజోలు మీంచే పోదాంలే."

"అలాగేనండీ" అన్నాను. ఇంకేమీ అడగలేదు.

కాసేపాగి ఆవిడే, "నర్సరీలో మంచి కొబ్బరి మొక్కలుంటే రెండు డిక్కీలో పెట్టించు" అన్నారు. కోనసీమకి కొబ్బరి మొక్కలా అని నవ్వబోయి ఆగిపోయాను. మావారు మాట్లాడకుండా వెళ్లి తనే రెండు మొక్కలు ఏరి పక్కన పెట్టించారు.

ప్రయాణం ఇంకా మూడు వారాలుంది. నీళ్లు పట్టడానికి మనిషి దొరికాడు. అమ్మాయికి దిండిలో ఒక పూట పడవ ఒప్పుకున్నాం. లిస్టులో రాజోలుకీ మలికిపురానికీ మధ్య ఒక గంట ఖాళీగా వదిలాను, ఎదురుగా ఏమీ రాయలేదు. ఆవిడ అక్కడ కారు దిగుతారో, మొక్కలు నా చేత ఇప్పించి కారులోనే కూర్చుంటారో నాకు తెలీదు. దిగకపోయినా నేనేమీ అనను. ఆ గంట మాత్రం అలాగే ఉంచుతాను.